గాలి కంటె ముందు ఇంధనము, నిప్పురవ్వ

వేగమును ప్రేమించుట యౌవనమునకు సహజము. దానిని మేము తప్పు పట్టము. జనగామలో గాని, మహబూబాబాద్‌లో గాని, భూపాలపల్లిలో గాని, కళాశాల విడిచిన వేళ ద్వారము వద్ద ఒక్క నిమిషము నిలిచి చూచినచో ఈ ప్రేమ కంటికి కనబడును, చెవికి మరింత బాగుగ వినబడును. ఒకడు సైలెన్సరు లోపలి జాలిని తీసివేయించినాడు. మరొకడు గాలి వడపోయు డబ్బాను విప్పి పారవేసినాడు. "ఇప్పుడు బండి బాగా లాగుచున్నది" అని ఇద్దరి నోటను ఒకే మాట. తండ్రి నెలనెల వాయిదాలు కట్టుచున్న బండి అది. లాగుచున్నది నిజముగా బండియేనా, లేక శబ్దము మాత్రమేనా అని అడుగువారు లేరు.

యంత్రమునకు బలము పెంచదలచినవాడు మొదట పెంచవలసినది గాలి కాదు. ముందుగా ఇంధనమును, దానిని మండించు నిప్పురవ్వను సిద్ధము చేసికొనవలెను. గాలి చివర రావలెను. ఈ క్రమము తారుమారైన చోట బలము రాదు, నష్టము వచ్చును. ఇది మా అభిప్రాయము మాత్రమే కాదు. దీనిని నిర్దాక్షిణ్యముగా ఋజువు చేసిన యంత్రము ఒకటి లోకమున ఉన్నది. అది టర్బో చార్జరు తగిలించిన రోటరీ ఇంజను. మన వీధులలో తిరుగు బండ్లలో అది కానరాదు. అయినను దాని కథ మన వీధులకు చాల దగ్గరిదని ఈ వ్యాసము చివరికి చదువరులకే తెలియగలదు.

సాధారణమైన ఇంజనులో పిస్టను క్రిందికి మీదికి కదలును. ఆ కదలికను చక్రపు కదలికగా మార్చుకొనవలెను. "మొదటినుండి గుండ్రముగనే తిరుగు ఇంజను ఏల ఉండరాదు?" అని ఆలోచించినవాడు జర్మనీ దేశీయుడు ఫెలిక్స్ వాంకెల్. ఎన్.ఎస్.యు. అను సంస్థలో అతని నమూనా యంత్రము 1957లో మొదటిసారి నడిచినది. ఆ పిమ్మట జపానులోని హిరోషిమా నగరమున మాజ్దా కార్లు తయారుచేయు సంస్థ ఆ హక్కులను కొని, కెనిచి యమమోటో నాయకత్వమున 47 మంది ఇంజనీర్లను ఆ పనికి నియోగించినది. అణుబాంబుకు బలియైన నగరము అది. ఇంజను లోపలి గోడపై అలలవలె గీతలు పడి యంత్రము చెడిపోవుచుండెడిది. ఆ గీతలకు వారు దయ్యపు గోటి గీతలని పేరు పెట్టిరి. సంవత్సరముల తరబడి శ్రమించి ఆ లోపమును జయించి 1967లో కాస్మో స్పోర్ట్ అను కారును విడుదల చేసిరి.

ఈ ఇంజను లోపలి గది నడుము కొంచెము నొక్కుకొనిపోయిన వేరుశెనగ కాయ ఆకారములో ఉండును. అందులో ఉబ్బిన భుజములు గల త్రికోణము వంటి ఇనుప దిమ్మె తిరుగుచుండును. అదియే రోటరు. మూడు కొనలలోను సన్నని లోహపు పట్టీలు ఉండును. వాటిని ఎపెక్స్ సీళ్ళందురు. అవి గోడను ఒరసికొనుచు ఒక గదిలోని వాయువు మరొక గదిలోనికి పోకుండ కాపాడును. రోటరు ఒక్క చుట్టు తిరుగునప్పటికి నడిమి ఇరుసు మూడు చుట్లు తిరుగును. వాల్వులు లేవు, పిస్టను లేదు. చిన్న యంత్రమే గాని చాల నునుపుగ, చాల వేగముగ తిరుగును. అయితే మంట పుట్టు గది పొడవుగ, పలుచగ ఉండును గనుక ఒక మూల అంటించిన నిప్పు రెండవ మూలకు చేరుటకు ఆలస్యమగును. అందుచేత ఒక్కొక్క రోటరుకు రెండేసి స్పార్కు ప్లగ్గులు అమర్చిరి. ముందుది మొదట రవ్వ వేయును. వెనుకది రవంత ఆగి వేయును.

ఇక టర్బో చార్జరు. ఇది స్విట్జర్లాండు దేశీయుడు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లో పేటెంటు పొందిన ఊహ. పొగగొట్టము ద్వారా వృథాగా పోవు వాయువుల చేత ఒక చక్రమును త్రిప్పించి, అదే ఇరుసుపై నున్న మరొక చక్రముతో బయటి గాలిని ఇంజనులోనికి బలవంతముగ నెట్టుట దాని పని. భూపాలపల్లి వారికి ఇది క్రొత్త కాదు. బొగ్గు గనులలో తిరుగు డంపర్లకు, చెల్పూరు విద్యుత్కేంద్రము దారిలో కనబడు లారీలకు టర్బో మామూలు సంగతి. అయితే ఇక్కడనే ఒక భ్రమ పుట్టుచున్నది. లారీకి గాలి ఎక్కువైనను నష్టము లేదు గదా, మోటారు సైకిలుకు, కారుకు ఏల నష్టమని కొందరు వాదింతురు.

భేదము ఉన్నది. డీజిలు ఇంజనులో మొదట గాలి ఒక్కటే నొక్కబడును; ఇంధనము తన సమయము వచ్చినప్పుడు మాత్రమే చిమ్మబడి మండును. గాలి మిగిలిపోయినను ప్రమాదము లేదు. పెట్రోలు ఇంజనులో అట్లు కాదు. సాధారణముగ గాలియు పెట్రోలును కలిసి, నొక్కబడి, నిప్పురవ్వ కొరకు వేచియుండును. ఒత్తిడియు వేడియు హద్దు మీరినచో రవ్వ వేసినచోటి మంట చేరకమునుపే మూలనున్న మిశ్రమము తనంతట తానే ప్రేలును. మన మెకానిక్కులు దీనిని నాకింగు అందురు. సుత్తితో కొట్టినట్లు లోపలి నుండి శబ్దము వచ్చును. పిస్టను ఇంజను ఈ దెబ్బలను కొంతకాలము ఓర్చుకొనవచ్చును. రోటరీ ఇంజను ఓర్చుకొనదు. ఆ సన్నని సీలు పట్టీ ఒక్క క్షణములో విరుగును. విరిగిన ముక్క పొగతోపాటు బయటికి వచ్చి టర్బో చక్రమును కూడ చెడగొట్టవచ్చును. ఒక చిన్న పొరపాటునకు ఇంజనంతయు విప్పవలసి వచ్చును.

1991లో మాజ్దా సంస్థ ఆర్‌ఎక్స్-7 అను కారు యొక్క మూడవ తరమును వెలువరించినది. దాని ఇంజను 1,308 సి.సి. మాత్రమే, రెండు రోటర్లు, రెండు టర్బోలు. ఆరంభములో 255, తరువాత 280 అశ్వశక్తి. 2002లో దాని ఉత్పత్తి ఆగిపోయినను లోకమున చాలమంది దానిని నేటికిని ప్రేమించుచున్నారు. ప్రేమించువారికి ఉన్నది చాలదు. ఇంకను బలము కావలెను. టర్బో ఒత్తిడిని పెంచుట చాల సులభము. గాలి బిగింపును మార్చిన చాలును. ఆ సులభత్వమే ఉచ్చు.

లెక్క చూడుడు. ఒక కిలో పెట్రోలు సరిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. భారము మీద నడచు టర్బో రోటరీకి ఇంకను చిక్కని మిశ్రమము, అనగా 11 కిలోల గాలికి ఒక కిలో పెట్రోలు వరకు ఇత్తురు. మిగులు పెట్రోలు ఆవిరియై లోపలి వేడిని తగ్గించును. ఆ కారులో ఇంధనము చిమ్ము ఇంజెక్టర్లు నాలుగు. రెండు నిమిషమునకు 550 సి.సి. చొప్పున, మరి రెండు 850 సి.సి. చొప్పున ఈయగలవు. నిర్ణీత పీడనమున నాలుగును పూర్తిగా తెరచియుంచినను 2,800 సి.సి. మించవు. గాలి ఎంత పెరిగినను ఈ అంకె దానంతట అది పెరుగదు. పిండి కొద్దీ రొట్టె అని మన పెద్దలు ఊరకనే అనలేదు.

ఇంజెక్టర్లను పెద్దవి చేసినంతమాత్రమున పని తీరునా? తీరదు. వాటి వెనుక ట్యాంకులోని పంపు ఉన్నది. ఎదుటి పీడనము పెరిగినకొలది పంపు ఇచ్చు ధార తగ్గును. జనగామ రైతునకు ఇది చెప్పనక్కరలేదు. బోరు లోతైనకొలది నీరు సన్నగిల్లుట, వోల్టేజి తక్కువైన రాత్రి మోటారు మూలుగుట అతడు ఎరుగును. కారులోని పంపునకు కూడ సన్నని పాత తీగ ద్వారా కరెంటు వచ్చినచో అదే గతి. పంపు మంచిదైనను, తీగ పాతదైనచో ధార చాలదు. ఇంకొక సంగతి: టర్బో గాలి ఇంజెక్టరు మూతికి ఎదురుగ నెట్టుచుండును. గనుక గాలి ఒత్తిడి ఎంత పెరిగినదో ఇంధనపు ఒత్తిడి కూడ అంతయే పెరుగునట్లు రెగ్యులేటరు చూడవలెను. పంపు, తీగ, వడపోత, రెగ్యులేటరు, ఇంజెక్టరు అన్నియు ఒకే గొలుసులోని కొలికులు. ఏ కొలికి బలహీనమైనను గొలుసు బలము అంతే.

జ్వలనము సంగతియు అట్లే. గాలి దట్టమైనకొలది ప్లగ్గు మొనల నడుమ రవ్వ దూకుట కష్టమగును. ఎక్కువ వోల్టేజి కావలెను. కాయిలు బలమైనది కావలెను; ప్లగ్గు సందును కొంచెము తగ్గింపవలెను; వేడిని త్వరగ బయటికి పంపు చల్లని రకపు ప్లగ్గు వేయవలెను. ఇరుసు నిమిషమునకు 7,000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క రోటరుకు చుట్టు చుట్టుకును రవ్వ కావలెను. అనగా సెకనును వెయ్యి భాగములు చేసినచో సుమారు ఎనిమిదిన్నర భాగముల కాలములో కాయిలు విద్యుత్తును నింపుకొని వదలిపెట్టవలెను. బలహీనమైన కాయిలునకు ఆ వ్యవధి చాలదు. ఇక కాలము ముఖ్యము. ఒత్తిడి పెరిగినకొలది రవ్వను కొంచెము ఆలస్యముగ వేయవలెను. తొందరపడి వేసినచో నాకింగు. ముందు ప్లగ్గు, వెనుక ప్లగ్గు వరుస తప్పరాదు.

అందుచేత తెలిసినవారు పాటించు క్రమము ఇది: మొదట పంపు, తీగలు, ఇంజెక్టర్లు, పిదప కాయిళ్ళు, ప్లగ్గులు, పిదప పొగలోని ఆమ్లజనిని కొలచు పరికరము పెట్టి కంప్యూటరులో ఇంధనపు లెక్కను, రవ్వ లెక్కను సరిచేయుట, ఇవన్నియు నిలకడగ ఉన్నవని తేలిన మీదట మాత్రమే గాలి ఒత్తిడిని కొంచెము కొంచెముగ పెంచుట. 1991లో ఫ్రాన్సులోని లె మాన్స్ ఇరువదినాలుగు గంటల పందెమున గెలిచిన మాజ్దా 787బి కారు చరిత్ర ఇందుకు తోడు నిలుచును. నాలుగు రోటర్లు గల ఆ ఇంజనుకు టర్బో లేనేలేదు. రోటరు ఒక్కింటికి మూడేసి ప్లగ్గులు మాత్రము ఉండెను. ఒక జపాను సంస్థ ఆ పందెమును గెలుచుట అదియే మొదటిసారి. గెలిచినది గాలి ఎక్కువైన బండి కాదు. నిప్పును చక్కగ ఏలుకొన్న బండి.

ఇప్పుడు మన వీధికి వత్తము. మన పట్టణములలో 1985 నుండి 1996 వరకు తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 బండ్లను నేటికిని కంటిపాపవలె చూచుకొనువారు ఉన్నారు. అది టూ స్ట్రోకు బండి. రోటరీవలెనే పెట్రోలుతోపాటు నూనెను కూడ కాల్చును. దాని గాలి డబ్బా విప్పి, సైలెన్సరు ఖాళీ చేసి, కార్బురేటరులోని జెట్టును మాత్రము మార్చకుండ వదలువారు ఎందరో. గాలి పెరుగును, పెట్రోలు పెరుగదు. మిశ్రమము పలుచనగును, వేడి పెరుగును, ఒకనాడు మండుటెండలో పిస్టను సిలిండరును పట్టివేయును. వెనుక చక్రము బిగిసి బండి జారినప్పుడు, ప్రక్కన లారీ వచ్చుచున్నచో నష్టపడునది ఇంజను ఒక్కటే కాదు. ఆర్‌ఎక్స్-7 యజమాని చేయు తప్పును ఆర్‌ఎక్స్ 100 యజమాని కూడ చేయుచున్నాడు. దేశము వేరు, ధర వేరు, తప్పు ఒక్కటే.

ఈ తప్పును కనిపెట్టగలవాడు మన కూడలిలోనే ఉన్నాడు. అతడు ఉస్తాద్. ప్లగ్గు విప్పి దాని మొనను చూచును. తెల్లబారినచో పెట్రోలు చాలలేదనును. మసి పట్టినచో ఎక్కువైనదనును. ఇటుక రంగు తేలినచో తృప్తిగ తిరిగి బిగించును. జపానులోను, అమెరికాలోను ఖరీదైన పరికరము చెప్పు మాటను అతడు కంటితో చదువును. అతని వద్ద షాగిర్దులుగ చేరిన పిల్లలు పానా, పేచ్‌కస్ అను మాటలతోపాటు ఈ చదువును కూడ నేర్చుకొనిరి. ఆ మాటలు ఉర్దూవి. వాటిని పలుకు నోళ్ళలో సగము తెలుగువి. రెండు భాషల కళాశాల మనది. అంతకుముందే రెండు భాషలను ఒక్కచోట కూర్చినది వర్క్‌షాపు.

కాని ఆ ఉస్తాద్ నేడు చిక్కులో పడినాడు. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమున బి.ఎస్.-6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. క్రొత్త మోటారు సైకిళ్ళలో కార్బురేటరు స్థానమును ఇంజెక్టరు, సెన్సర్లు, చిన్న కంప్యూటరు ఆక్రమించినవి. పేచ్‌కస్ త్రిప్పి సరిచేయుటకు అక్కడ మర లేదు. స్కానరు కావలెను, అది చూపు ఆంగ్ల సంకేతమును చదువవలెను. ముప్పది ఏండ్ల అనుభవము ఒక్క తీగ ముందు మూగవోవుచున్నది.

అంతలో ఇంధనమే మారినది. పెట్రోలులో ఇథనాలు పాలు పెరుగుచు 2025 నాటికి నూటికి ఇరువది వంతులకు చేరినది. విదేశీ చమురుపై ఆధారపడుట తగ్గునని, రైతుల పంటకు గిరాకి కలుగునని, నాకింగును తట్టుకొను గుణము హెచ్చునని దీనిని సమర్థించువారు చెప్పుదురు. అందులో నిజము ఉన్నది. అయితే ఒక కిలో ఇథనాలు మండుటకు 9 కిలోల గాలి చాలును. ఇరువది పాళ్ళు కలిసిన మిశ్రమమునకు 14.7 బదులు సుమారు 13.5 చాలును. క్రొత్త బండిలోని కంప్యూటరు ఈ తేడాను చాలవరకు సరిచేసికొనును. పాత కార్బురేటరు సరిచేసికొనలేదు. జెట్టు మార్చనిచో మిశ్రమము నూటికి ఏడెనిమిది వంతులు పలుచనగును. పాత రబ్బరు గొట్టములు చెడవచ్చును; ఇథనాలు తేమను పీల్చుకొనును. అనగా, ఇంధనమును, నిప్పును గూర్చిన లెక్క ఇప్పుడు పందెపు కార్ల వారికే పరిమితము కాదు. మహబూబాబాద్‌లో మిర్చి బస్తాతో మార్కెట్టుకు వచ్చు పాత బండి వానికి కూడ అది కావలసియున్నది. ఆ లెక్కను అతనికి ఎవరు చెప్పవలెను?

"డిగ్రీ చదువు పిల్లలకు ఈ నూనె మరకల గొడవ ఏల?" అని అడుగు పెద్దలు ఉన్నారు. వారి యందు గౌరవముతోనే మా మనవి. మా తరగతులలో మెకానిక్కుల బిడ్డలు కూర్చున్నారు. తండ్రి చేతిలో హునర్ ఉన్నది, కొడుకు పుస్తకములో ఇల్మ్ ఉన్నది. భోజనమునకు ఇద్దరును ఒక్కచోట కూర్చుందురు. చదువునకు మాత్రము కూర్చుండరు. తండ్రికి నాకింగు శబ్దము తెలియును, కారణము తెలియదు. కొడుకునకు కారణము పరీక్షలో వ్రాయుట తెలియును, శబ్దము తెలియదు. ఇద్దరిని కలుపుట కళాశాల ధర్మమని మేము భావించుచున్నాము.

కళాశాల కమిటీ పెద్దల ఎదుట మూడు విన్నపములు ఉంచుచున్నాము. ఒకటి: భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్ల మీద పాత కార్బురేటరు, ఇంజెక్టరు, కాయిలు, రకరకముల ప్లగ్గులు అమర్చి విద్యార్థులచేత విప్పించి చూపవలెను. పాత ఇనుము దుకాణములో ఇవి స్వల్పమైన వెలకు దొరకును. రెండు: సంవత్సరమునకు రెండుసార్లయినను మూడు పట్టణముల ఉస్తాదులను వేదికపైకి ఆహ్వానించి, శాలువ కప్పి పంపుట కాక, వారిచేత ఉపన్యాసము చెప్పించవలెను. మూడు: స్కానరు సంకేతములను, ఇథనాలు జాగ్రత్తలను, వర్క్‌షాపు మాటలను ఉర్దూ, తెలుగు రెండింటను వివరించు చిన్న పుస్తకమును విద్యార్థులే సిద్ధము చేయవలెను. ప్రభుత్వ ఐ.టి.ఐ. అధ్యాపకుల సహాయము కోరినచో సాయంకాలపు తరగతులు నడపుట కూడ అసాధ్యము కాదు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగ వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని మరల స్పష్టము చేసినది. చట్టము భయమున మాత్రమే కాదు, శాస్త్రము తెలిసియు మీరు సైలెన్సరును ముట్టకుందురు గాక. యంత్రముపై నిజమైన ప్రేమ ఉన్నచో మొదట ప్లగ్గు విప్పి దాని రంగు చదువుట నేర్చుకొనుడు. మీ వీధి చివర దానిని నేర్పగల ఉస్తాద్ ఉన్నాడు. పుస్తకము చేతబట్టుకొని అతని వద్దకు వెళ్ళుడు. అతని చేతిలోని పానా మీకు, మీ చేతిలోని పుస్తకము అతనికి ఈనాడు అవసరము.